ఎడమ వైపు రెక్క

నవంబరు 6

ఈ రోజు అట్టలు విప్పాను. ఒక్క రెక్క కూడా విరగలేదు.

చేసిన పనంతా రాసుకో, రాసుకుంటేనే చేతికి బుద్ధి వస్తుంది అని మాస్టారు అంటారు కాబట్టి రాస్తున్నాను. చేప చర్మాన్ని నురుగు దిమ్మ మీద తొడిగాక, తడి రెక్కల్ని విసనకర్రల్లా విప్పార్చి, ఒక్కొక్కదాన్ని రెండు అట్టల మధ్య పెట్టి క్లిప్పులు బిగించాను. ఆరిన రెక్క ఎండుటాకుతో సమానం. అట్ట ఊడదీసేటప్పుడు గట్టిగా ఊపిరి వదిలినా పుటుక్కుమంటుంది. వీపు రెక్క, తోక, పొట్ట కింది రెక్కలు, అన్నీ క్షేమంగా బయటికి వచ్చాయి. వెనక పల్చటి కాగితం జిగురుతో అంటించి అంచులు కత్తిరించాను.

చేప బంగారుతీగ. చచ్చిన చేపల్ని బతికున్నట్టు నిలబెట్టే మా షెడ్డుకు ఇంత పెద్దది ఎప్పుడూ రాలేదు. చెరువు ఒడ్డున కొత్తగా హోటలు కట్టినాయన తనే గాలం వేసి పట్టానని చెప్పి డ్రైవరు చేత తడి గోనెలో పంపించాడు. హోటలు ముందు హాల్లో పెడతారట. ఎడమ వైపు జనానికి, కుడి వైపు గోడకు.

ఒక్కటే చిక్కు. ఎడమ పొట్ట రెక్క సగమే ఉంది. మాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి చూసి, "ఒడ్డున కొట్టుకుని చిరిగుంటుంది. గోడ వైపుది కోసి ఇటు అతికించు. గోడకు చెవులుంటాయంటారు గానీ కళ్లుంటాయని ఎవరూ అనలేదుగా" అన్నారు. అలాగే చేశాను. సగం రెక్కను మొదలు దగ్గర కోసేసి, కుడి దాన్ని తెచ్చి అక్కడ పెట్టాను. తిరగేసి పెట్టాల్సి వచ్చింది. చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు లోపలి వైపు బయటికి వచ్చింది. రంగు పడ్డాక బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అతుకు మీద లప్పం రాశాను. కోసిన సగం రెక్కను రంగులు సరిచూసుకునే ముక్కల డబ్బాలో వేశాను.

ఇంటికి వచ్చేసరికి నాన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. చేపపిల్లల కేంద్రంలో తల్లి చేపల చెరువుకు వల లాగి లెక్క చూశారట. ఒకటి తగ్గిందట. కాపలా నాన్నదే.

నవంబరు 7

కింది రెక్కలకు రంగు మొదలుపెట్టాను. ముందు పాలలో పసుపు కలిపినంత లేతగా ఒక పూత. దాని మీద నారింజ, మొదట్లో చిక్కగా, అంచుకు వెళ్లేకొద్దీ పల్చగా. చివర సన్న కుంచెతో ఈనెల వెంబడి గోధుమ రంగు.

"ముద్దగా కొట్టకు. ముద్దగా కొడితే బొమ్మల కొట్లో చేప అవుతుంది. వెలుగు రెక్కలోంచి ఇవతలికి రావాలి" అన్నారు మాస్టారు.

నారింజ ఎంత చిక్కగా ఉండాలో ఆ సగం రెక్క మీద వేసి చూసుకున్నాను. బాగా కుదిరింది.

తగ్గింది పెద్దమ్మేనట. చెరువులో అన్నిటికన్నా పెద్దదానికి నాన్న పెట్టుకున్న పేరు అది.

నవంబరు 8

అది చిరుగే. ఒడ్డున కొట్టుకుంటే రెక్క చిరుగుతుంది. ఎందుకు చిరగదు?

నవంబరు 9

బాబాయి వచ్చాడు. నాన్న కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు.

"పోనీ అది పుట్టింటికి వెళ్లిందేమోరా అన్నయ్యా. అలిగి వెళ్లుంటుంది. నువ్వు మేత సరిగా వెయ్యలేదేమో" అన్నాడు బాబాయి.

"నీ పరాచికాలు తగలెయ్య. ఆయన ప్రాణం మీదికొస్తే నీకు నవ్వులాటగా ఉందా?" అంది అమ్మ.

"నవ్వకపోతే ఏం చెయ్యమంటావు వదినా? నేనూ మీతోపాటు గోడకు తల బాదుకోనా?"

నాన్న అప్పుడు చెప్పాడు. కేంద్రంలో గుమాస్తా పక్కకు పిలిచి మాట్లాడాడట. చేప చచ్చి తేలితే ఇంటికి తీసుకెళ్లి వండుకు తిన్నానని ఒప్పుకో, జీతంలో కోతతో పోతుంది అన్నాడట. కాదంటే అమ్ముకున్నావని పోలీసులకు రాస్తారు, అప్పుడు లోపలికి వెళ్తావు అన్నాడట. కొత్తగా వచ్చిన మేడం విచారణ పెడుతోందట.

"గేటు తాళం గుమాస్తా దగ్గరా ఉంటుందిగా?" అన్నాడు బాబాయి.

"ఆ మాట నేనంటే నమ్ముతారా?" అని నాన్న నా వైపు తిరిగాడు. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పమ్మా. ఆ చేప ఎక్కడున్నా దొరక్కుండా ఉంటుందా? మన తల్లి చేపలన్నిటికీ గుర్తు కోసం ఎడమ పొట్ట రెక్క సగానికి కత్తిరిస్తారు కదా. చిన్నప్పుడు నువ్వు నా పక్కన నిలబడి చూశావు కూడా. పాపం నొప్పి పుట్టదా నాన్నా అని ఏడ్చావు."

"గుర్తు లేదు నాన్నా" అన్నాను.

గుర్తు లేదనే అన్నాను.

నవంబరు 11

డ్రైవరు వచ్చాడు. మనిషి పొడుగు, మాట మెత్తన. స్టూలు లాక్కుని నా బల్లకు మరీ దగ్గరగా కూర్చున్నాడు. సన్న కుంచె పట్టుకుని ఉన్నాను. గీత వంకర పోయింది.

"ఎంతవరకొచ్చింది పాపా?"

"రెక్కలయ్యాయండి. ఒంటికి మెరుపు పూత వెయ్యాలి."

"తొందరగా కానీ. సారు ప్రారంభానికి పెద్ద పెద్దవాళ్లని పిలిచారు." చేప పొట్ట కిందకి వంగి చూశాడు. నేను అతికించిన రెక్కనే చూశాడు. చూపుడు వేలితో దాని అంచు తడిమాడు. "భలే చేశావే. ఇక్కడేదో తేడా ఉండాలి కదా?"

"చిరిగితే ఈ అమ్మాయి సరిచేసింది" అన్నారు మాస్టారు.

"మంచి పని. మీ నాన్నేం చేస్తాడు పాపా?"

"కాపలా."

"ఎక్కడ?"

నేను నోరు తెరిచేలోపే మాస్టారు "బడిలో" అన్నారు.

డ్రైవరు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. మాస్టారు నా వైపు చూడకుండా కుంచెలు కడుగుతూనే ఉన్నారు. కడిగినవే మళ్లీ కడిగారు.

మా నాన్న ఎక్కడ పని చేస్తాడో మాస్టారికి బాగా తెలుసు. ఈ పనిలో నన్ను చేర్చమని అడగడానికి వచ్చినప్పుడు నాన్న కేంద్రం యూనిఫాంలోనే వచ్చాడు.

నవంబరు 12

బడిలో అని ఎందుకన్నారు?

నవంబరు 13

ముక్కల డబ్బా తీశాను. మూడుసార్లు మూత పెట్టేసి నాలుగోసారి చేతిలోకి తీసుకున్నాను. కిటికీ దగ్గర వెలుగుకు పట్టి చూశాను.

చిరుగు అలా ఉండదు. చిరిగితే ఈనెల మధ్య పొర పీలికలవుతుంది, ఈనెలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అవుతాయి. ఎన్ని అతికించాను, నాకు తెలియదా? ఇది కత్తెరతో కత్తిరించినట్టు అడ్డంగా తిన్నగా ఉంది. ఆ అంచు పల్చగా కూడా లేదు. మానిన పుండులా గట్టు కట్టి ఉంది. ఈ చేప సగం రెక్కతో ఏళ్ల తరబడి ఈదింది.

దాని మీద నా నారింజ రంగు.

అట్టలు విప్పిన రోజే అంచు వేలికి తగిలింది. తగిలినప్పుడే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నాన్న పక్కన నిలబడి చూసిన చిన్న కత్తెర కూడా గుర్తొచ్చింది. మాస్టారు చిరుగన్నారు కదా అనుకున్నాను. ఇంతకన్నా మంచి చేప మళ్లీ నా చేతికి రాదనుకున్నాను.

కేంద్రంలో నాన్నను దొంగ అంటున్నారు. దొంగ సొత్తుకు రంగు వేస్తున్నది నేను.

నవంబరు 14

మాస్టారితో చెప్పాను.

ఆయన లేచి షెడ్డు తలుపు మూశారు. "గోనె విప్పినప్పుడే తెలుసు" అన్నారు.

"మరి చిరుగన్నారు కదా?"

"ఏమనమంటావు? హాలంతా మన చేపలే పెడతానన్నాడాయన. ఏడాదికి సరిపడా పని. ఆ డ్రైవరు సంగతి నీకు తెలీదు. నిరుడు పక్క కాలువ దగ్గర వలలు కట్టుకునేవాడు ఎదురు తిరిగితే ఏం చేశాడో ఊరంతా చూసింది. ఎవడైనా నోరు విప్పాడా?"

"మా నాన్న జైలుకు వెళ్తాడు మాస్టారూ."

"తిన్నానని చెబితే వెళ్లడట కదా. చచ్చిన చేప సాక్ష్యం చెప్పదమ్మాయ్. నేను చూడలేదు, నువ్వూ చూడలేదు. ఆ ముక్క పొయ్యిలో పడేసి చెయ్యి కడుక్కో."

ఆయన చూస్తుండగా ఒక ముక్క పొయ్యిలో వేశాను. అది వేరే చేపది. ఆయనకు తేడా తెలిసిందో లేదో నాకు తెలియదు. తెలిసే ఉంటుంది. ఆయన కన్ను అలాంటిది.

సగం రెక్క నా జడలో, రిబ్బను మడతలో ఉంది. దారి పొడుగునా మెడ తిప్పకుండా నడిచాను.

నవంబరు 15

మా వీధి చివర హోటలు కారు ఆగి ఉంది. పాల కోసం వెళ్లలేదు. పాలు లేకపోయినా ఫర్వాలేదని అమ్మతో చెప్పాను.

నవంబరు 16

నాన్న ఒప్పుకుంటానంటున్నాడు.

"తిన్నానని చెప్పేస్తాను. పీడా పోతుంది."

"నువ్వు చేప ముట్టవు కదయ్యా" అంది అమ్మ. "నీ కోసం నేను కూడా ఇంట్లో వండటం మానేశాను. పక్కింటివాళ్లను అడిగినా చెబుతారు."

"అందరికీ చెబుతావా వెళ్లి? అయినా ముట్టనివాడు ముట్టకూడదనా? పెద్దమ్మ నా చేతిలో మేత తినేదే. ఒడ్డుకొచ్చి నోరు తెరిచేది. దాన్ని కోసుకు తిన్నానని అందరి ముందూ ఎలా అనాలో, అదొక్కటే నోటికి రావడం లేదు" అన్నాడు. తర్వాత వాకిట్లోకి వెళ్లి మెల్లగా చెప్పి చూసుకున్నాడు. "తిన్నానండి. చచ్చి తేలితే తిన్నానండి." మా పుస్తకాల్లో పాఠం నాతో చదివించుకుని నాకన్నా ముందు అప్పజెప్పేవాడు నాన్న. ఇదీ అలాగే అప్పజెబుతున్నాడు.

రెక్క సంగతి చెబుదామని లేచాను. మళ్లీ కూర్చున్నాను. చెబితే నాన్న ఆ రెక్క పట్టుకుని నేరుగా వెళ్తాడు. ఎక్కడిదిరా అంటారు. ఒక్క ముక్కతో ఏం తేలుతుంది? చేపకు ఉంటేనే అది గుర్తు. చేతిలో ఉంటే అదీ దొంగసొత్తే.

చేపకు ఉంటేనే.

నవంబరు 17

రేపు పొద్దున చేపను తీసుకెళ్తారు. మాస్టారు భోజనానికి వెళ్లగానే తలుపు దగ్గరికి వేసి మొదలుపెట్టాను.

థిన్నరులో దూది ముంచి అతుకు చుట్టూ రంగు తీశాను. నా పని నాకే లొంగలేదు. సన్న రంపపు బ్లేడుతో తిరగేసిన రెక్కను లప్పం పైనుంచి కోశాను, లోపలికి తవ్వే వ్యవధి లేదు. సగం రెక్క మీద నేను వేసిన నారింజను తుడిచి, దాన్ని దాని చోట నిలబెట్టి అంటించాను. ఒకసారి జారి పడిపోయింది. నేల మీద వెతుకుతుంటే బయట ఏదో వాహనం ఆగిన చప్పుడు. బల్ల కింద అలాగే ఉండిపోయాను. అది ముందుకు పోయింది.

మళ్లీ లేత పసుపు, మళ్లీ నారింజ, ఈనెల మీద గోధుమ. గట్టు కట్టిన అంచు దగ్గర చేపకు ఉన్నట్టే కొంచెం పాలిపోయిన రంగు. నా జీవితంలో ఇంత నిజంగా ఏ రెక్కకూ రంగు వెయ్యలేదు.

వెనక్కి తిరిగితే మాస్టారు గుమ్మంలో ఉన్నారు. ఎప్పుడొచ్చారో. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. రెక్క చూశారు. నన్ను చూశారు.

"మెరుపు పూత ఇంకోటి వెయ్యి. తడిగా కనిపించాలి" అన్నారు.

నవంబరు 18

తీసుకెళ్లారు. డ్రైవరు దుప్పటి కప్పి ఎత్తుకున్నాడు. కిందకి చూడలేదు. పూతంతా సరిగా ఉందా అని పైపైన మాత్రం చూశాడు. చూస్తాడని ఎదురుచూశాను. చూడలేదు.

ఎల్లుండే నాన్న విచారణ.

నవంబరు 19

ఈ రోజు హోటలుకు వెళ్లాను.

గోడకు బిగించడానికి మాస్టారు నన్ను కూడా తీసుకెళ్లారు. హాలు నిండా కొత్త సున్నం వాసన. హోటలాయన వచ్చినవాళ్లందరికీ చేపను తను ఎంతసేపు లాగాడో చేతులూపి చెబుతున్నాడు. నాన్నవాళ్ల మేడం కూడా వచ్చింది, గుమాస్తా వెనకే ఉన్నాడు. ఆమె ఎవరి మాటా వినకుండా నేరుగా చేప దగ్గరికి నడిచింది. మొహం చూడలేదు, పొలుసు చూడలేదు. వంగి పొట్ట కింద చూసింది.

"దీన్ని ఎక్కడ పట్టారు?"

"మన చెరువులోనే మేడం. గాలానికి."

"ఈ రెక్కేంటి?"

"ఒడ్డున చిరిగింది. ఏవమ్మా, బాగుచెయ్యమన్నాను కదా? ఇలాగేనా చేసేది?" హోటలాయన నా వైపు తిరిగాడు. నవ్వుతూనే అన్నాడు. వెనక డ్రైవరు నవ్వడం లేదు.

"చేప ఎలా ఉందో అలాగే చేశానండి" అన్నాను.

అప్పుడు గుమాస్తా ముందుకొచ్చాడు. "మేడం, ఈ పిల్ల మన వాచ్‌మన్ కూతురు. తండ్రిని తప్పించడానికి ఎక్కడిదో ముక్క తెచ్చి అతికించింది. ఇదే కదా వీళ్ల పని, లేనిది ఉన్నట్టు చూపించడం."

హాలంతా నన్నే చూసింది.

"అతికించావా?" అంది మేడం.

మాస్టారి చెయ్యి నా మోచేతికి తగిలింది. అతికించలేదంటే చాలు. కానీ థిన్నరు వేస్తే రెండు నిమిషాల్లో జిగురు బయటపడుతుంది.

"అతికించానండి. దీనిదే, ముందు నేనే కోశాను. మళ్లీ నేనే అతికించాను."

నవ్వు లేచింది. అంతా నవ్వారు. నేను చెప్పింది నిజం. విన్నవాళ్లెవరికీ అది నిజంలా లేదు. నాకే లేదు.

మేడం నవ్వలేదు. చేపను దించించి కేంద్రానికి పంపించింది. రేపు అందరి ముందూ నా చేతే విప్పిస్తానంది.

నవంబరు 20, పొద్దున

రెక్క కోసినప్పుడు ఒంటికి ఒక మొదలు మిగులుతుంది. ఈనెలు ఎగుడుదిగుడుగా తెగుతాయి. కోసిన ముక్కను మళ్లీ పెడితే చించిన కాగితంలా ఒకదానికొకటి కలవాలి.

కానీ కొత్త రెక్క కూర్చోవాలంటే ఆ మొదలును గరుకు కాగితంతో నున్నగా గీకాలి. గీకకపోతే అతుకు ఉబ్బుతుంది. మాస్టారు మొదట నేర్పింది అదే. ఎప్పుడూ గీకుతాను.

ఆ రోజు గీకానా? గీకే ఉంటాను. లేకపోతే లప్పం ఎందుకంత పట్టింది? లప్పం ఎప్పుడూ అంతే పడుతుంది. గీకాను. గీకలేదేమో. పని బాగా చేసి ఉంటే నాన్న పోయినట్టే.

హోటలు కారు వీధి చివర నుంచి మా ఇంటి ఎదురుగా వచ్చి ఆగింది. నాన్న యూనిఫాం ఇస్త్రీ చేయించుకున్నాడు. ఆయనకు అంతా చెప్పాను. తిట్టలేదు. "పెద్దమ్మను చూపిస్తారా నాకు?" అని మాత్రం అడిగాడు.

అదే రోజు

బల్ల మీద పెట్టారు. మేడం, గుమాస్తా, హోటలాయన, డ్రైవరు, నాన్న. నాన్న చేపను చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇంకా తిన్నానని చెప్పే అవసరం రావచ్చని కాబోలు, పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

దూది థిన్నరులో ముంచాను. మొదట మెరుపు పోయింది. తర్వాత గోధుమ గీతలు, నారింజ, పసుపు. దూది మీద అంతా కలిసి మురికైపోయింది. రెక్క ఊడి నా అరచేతిలోకి వచ్చింది, రంగు లేకుండా, గోరులా పాలిపోయి. లప్పం కనిపించింది. మొన చిన్నగా ఉన్న కత్తితో గీరాను. లప్పం కింద మళ్లీ లప్పం. నా చెయ్యి ఆగితే ఎవరో తొందరపెట్టారు, ఎవరో గుర్తులేదు.

అడుగు వచ్చింది.

గీకలేదు. ఆ రోజు తొందరలో గీకకుండానే లప్పం కూరేశాను. ఈనెలు పళ్లు ఊడిన దువ్వెనలా ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ముందున్న గట్టి ఈనె నిలువునా చీలి ఉంది. సగం రెక్కను మేడం నా చేతిలోంచి తీసుకుని ఆనించింది. చీలిన ఈనెలో సగం ఇక్కడుంటే, మిగతా సగం అక్కడుంది. ఒక్కటి కూడా తప్పలేదు.

డ్రైవరు బయటికి నడవబోతే మేడం "కూర్చోండి" అంది. గుమాస్తా అప్పటికే కూర్చున్నాడు.

నాన్న దగ్గరికొచ్చి చేప నుదుటి మీద చెయ్యి వేశాడు. "ఎంత చిక్కిపోయిందో" అన్నాడు. లోపల నురుగు దిమ్మ అని చెప్పలేకపోయాను.

నవంబరు 21

తలుపు గడియ వేశానా లేదా అని లేచి చూడటమే సరిపోయింది.

నవంబరు 24

నాన్నను డ్యూటీలోకి తీసుకున్నారు. గుమాస్తా మీద విచారణ. హోటలాయన ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడట, చివరికి ఏమవుతుందో తెలియదు. షెడ్డుకు ఇక అక్కడి నుంచి పని రాదు. మాస్టారు కబురు పంపారు, కొన్నాళ్లు రావద్దని. కబురుతోపాటు నా సన్న కుంచె కూడా పంపారు. రమ్మన్నట్టో వద్దన్నట్టో అర్థం కాలేదు.

సాయంత్రం నాన్న నా పక్కన కూర్చున్నాడు.

"ఆ రంగంతా నీ చేత్తోనే తుడిచేశావు కదమ్మా. అంత బాగా వేసింది. బాధనిపించలేదూ?"

"అప్పుడు అనిపించలేదు నాన్నా."

"ఇప్పుడో?"

ఇప్పుడు అనిపిస్తోంది. ఆ నారింజ అంచుకు వెళ్లేకొద్దీ ఎలా పలచబడిందో, వెలుగు పెడితే ఎలా వెలిగిందో నాన్నకు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఊ కొడుతున్నాడు. చాలాసేపు చెప్పాను. చెబుతుండగా వీధిలో ఏదో కారు ఆగి వెళ్లిందట, తర్వాత అమ్మ అంది. నేను వినలేదు.